పాత ఆటకు కొత్త కంప్యూటర్ నచ్చకపోతే

2024 చివర్లో విండోస్ 11కి 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చింది. అది వేసుకున్నవాళ్లలో జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లకు ఒక వింత ఎదురైంది. ఆటలో స్కిమ్మర్ అనే నీటి విమానం మాయమైపోయింది. రేవు దగ్గర అది ఎప్పుడూ తేలుతూ కనిపించే చోట ఉత్త నీళ్లే మిగిలాయి. ఏదో మోడ్ సాయంతో దాన్ని బలవంతంగా రప్పించి ఆట కథానాయకుడు సీజేను అందులో కూర్చోబెడితే, విమానం అతన్ని తీసుకుని పైకి ఎగిరిపోయింది. ఎంత ఎత్తుకంటే, మీటర్లలో చెప్పాలంటే దాదాపు 1 పక్కన 31 సున్నాలు.

సహజంగానే అందరూ మైక్రోసాఫ్ట్‌ను తిట్టుకున్నారు. ఈ ఆటకు సైలెంట్‌ప్యాచ్ పేరుతో దిద్దుబాట్లు రాసే ప్రోగ్రామర్ మాత్రం పట్టు వదలకుండా తవ్వి, 2025 ఏప్రిల్‌లో అసలు సంగతి బయటపెట్టాడు. వైస్ సిటీలో స్కిమ్మర్ పడవల లెక్కలో ఉండేది. శాన్ ఆండ్రియాస్‌కి వచ్చేసరికి అది విమానమైంది. కానీ వాహనాల వివరాలుండే ఫైల్‌లో దాని వరస చివర చేర్చాల్సిన నాలుగు అంకెలను ఎవరూ చేర్చలేదు. చక్రాల కొలతలు ఆ నాలుగింటిలోనే ఉంటాయి. ఆట ఆ వరస చదివినప్పుడు, లేని అంకెల స్థానంలో మెమరీలో అప్పటికే మిగిలివున్న అంకెలను వాడేసుకునేది. అవి పై వరసలోని టాప్‌ఫన్ అనే వ్యాన్ చక్రాల కొలతలు. అంటే ఇరవై ఏళ్లపాటు ఆ విమానం పక్కింటి వ్యాన్ చక్రాలు అరువు తెచ్చుకుని ఎగిరిందన్నమాట! కొత్త విండోస్ తన సొంత పనికి ఆ మెమరీ జాగాను కాస్త ఎక్కువ వాడుకోవడంతో అరువు అంకెలు చెరిగిపోయాయి.

పాత ఆటలు మొరాయించే సందర్భాల్లో చాలావాటి వెనక ఇలాంటి కథే ఉంటుంది. రాసినవాళ్లు తమ కాలపు కంప్యూటర్ గురించి కొన్ని సంగతులు ఖాయమనుకున్నారు. ప్రాసెసర్ ఇంత వేగమే ఉంటుందని, తెర ఇంత వెడల్పే ఉంటుందని, డ్రైవ్‌లో సీడీ ఉండి తీరుతుందని. వాటిలో ఏది తప్పిందో తెలిస్తే మందు దొరకడం తేలిక. అది తెలుసుకోకుండా యూట్యూబ్‌లో చూసిన ఐదు ప్యాచ్‌లను ఒకేసారి ఎక్కించేవాళ్లే ఎక్కువ. ఆట నడవదు, ఎందుకు నడవలేదో తెలియదు. పొరపాటున నడిచినా, ఎందుకు నడిచిందో కూడా తెలియదు.

ఇప్పుడు ముప్పై ఐదు, నలభై ఏళ్ల వయసున్న తెలుగువాళ్లకు ఈ ఆటలు ఒక్కచోట దొరికినవి కావు. డేంజరస్ డేవ్ స్కూల్ ల్యాబ్‌లో పరిచయం. పిన్‌బాల్ ఇంట్లో ఎక్స్‌పీతో పాటే వచ్చింది. రోడ్ ర్యాష్ అన్నయ్య స్నేహితుడు ఇచ్చిన సీడీలోది. వైస్ సిటీ నెట్ సెంటర్‌లో, పక్క కుర్చీవాడు చీట్ కోడ్ చెబుతుంటే ఆడింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో విడిభాగాలు కొని బిగించిన పాత డబ్బా మీద ఇవన్నీ ఒకేలా నడిచినట్టు గుర్తు. నిజానికి వీటి వయసులు వేరు. డేవ్ 1990 నాటి డాస్ ఆట. రోడ్ ర్యాష్ పీసీకి వచ్చింది 1996లో, విండోస్ 95 కోసం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 1999లో వస్తే, వైస్ సిటీ 2003లో పీసీ మీదికి దిగింది. అందుకే ఆట పేరు పక్కన సంవత్సరం రాసుకోవడంతో పని మొదలుపెట్టాలి. ఆ తర్వాత పీసీ గేమింగ్ వికీలో ఆ ఆట పేజీ తెరవాలి. 2012 నుంచి నడుస్తున్న ఈ సైట్‌లో ఏ ఆటకు ఏ జబ్బు, ఏ మందు అన్నది ఆటలవారీగా రాసి ఉంటుంది. అక్కడ పది నిమిషాలు చదివితే ఒక ఆదివారం మిగులుతుంది.

డాస్ ఆటలకు ఉన్న పెద్ద తంటా వేగం. 1981 నాటి ఐబీఎం పీసీ ప్రాసెసర్ 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. చాలా ఆటలు గడియారం చూసుకునేవి కావు. ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్క కడితే బొమ్మ అంత వేగంగా కదిలేది. తర్వాత వేగమైన యంత్రాలు రాగానే శత్రువులు కంటికి కనపడకుండా పరుగెత్తడం మొదలుపెట్టారు. పాత క్యాబినెట్ల ముఖం మీద టర్బో అని ఒక మీట ఉండేది గుర్తుందా? పేరు చూసి అది నొక్కితే వేగం పెరుగుతుందని అందరూ అనుకునేవారు. దాని అసలు ఉపయోగం మాత్రం పాత ప్రోగ్రాముల కోసం యంత్రాన్ని నెమ్మదింపజేయడం.

విండోస్ ఆటలకూ ఈ జాడ్యం తప్పలేదు. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ రేమండ్ చెన్ రాసిన సంగతి ఒకటి ఉంది. స్పేస్ కేడెట్ పిన్‌బాల్ కంప్యూటర్‌కు చేతనైనంత వేగంగా తెర గీస్తూ ప్రాసెసర్‌ను ఊరికే తినేస్తుంటే, ఆయన సెకనుకు 100 ఫ్రేములు దాటకుండా కట్టడి పెట్టారు. విస్టా నుంచి విండోస్‌లో ఆ పిన్‌బాల్ లేదు. అయితే అభిమానులు దాని కోడ్‌ను వెనక్కి విప్పి, తిరిగి రాసి పెట్టారు. అది నేటి కంప్యూటర్ల మీద హాయిగా నడుస్తుంది.

డాస్ ఆటల్లో చాలావాటికి మందు డాస్‌బాక్స్. 2002లో మొదటిసారి విడుదలైన ఈ ఉచిత ప్రోగ్రామ్ కంప్యూటర్ లోపల ఇంకో పాత కంప్యూటర్‌ను నటింపజేస్తుంది. ప్రాసెసర్, సౌండ్ బ్లాస్టర్ కార్డు, తెర అన్నీ అందులో ఉంటాయి. ఆజ్ఞలు టైప్ చేయడం రానివాళ్లు భయపడక్కర్లేదు. ఆట ఫోల్డర్‌లోని ఈఎక్స్‌ఈ ఫైల్‌ను మౌస్‌తో లాగి డాస్‌బాక్స్ ఐకాన్ మీద వదిలితే చాలు, ఆట మొదలవుతుంది. వేగం ఎక్కువైతే కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కాలి, తక్కువైతే కంట్రోల్‌తో ఎఫ్12. ఆట సౌండ్ కార్డు వివరాలు అడిగితే సౌండ్ బ్లాస్టర్ ఎంచుకుని పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని చెప్పాలి. ఇవి డాస్‌బాక్స్ తనంతట తాను పెట్టుకునే అంకెలే. ఒరిజినల్ కన్నా డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే కొత్త శాఖ ఈ రోజుల్లో వాడటానికి మేలు. తెర కొలతల విషయంలో అది ముందే జాగ్రత్త పడి ఉంటుంది. డాస్ ఆటలు 320×200 చుక్కలతో గీసినా, వాటిని చూపించింది 4:3 తెర మీద. అంటే ఒక్కో చుక్క చతురస్రం కాదు, కాస్త నిలువుగా సాగి ఉండేది. ఆ సవరణ లేకపోతే మనుషులంతా పొట్టిగా, లావుగా కనిపిస్తారు.

డూమ్ లాంటివాటికి డాస్‌బాక్స్ కూడా అక్కర్లేదు. ఆ ఆట కోడ్‌ను 1997 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ బయటపెట్టేసింది. దాని మీద కట్టిన చాక్లెట్ డూమ్, జీజెడ్‌డూమ్ లాంటివి కొత్త విండోస్‌లో నేరుగా నడుస్తాయి. పాత పాయింట్ అండ్ క్లిక్ సాహస కథల ఆటలకు స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్ ఉంది. ప్రయోగం చేసి చూడాలనుకునేవారు బినీత్ ఎ స్టీల్ స్కై అనే ఆటతో మొదలుపెట్టవచ్చు. 2003 నుంచి అది చట్టబద్ధంగానే ఉచితం.

విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ దాకా వచ్చిన ఆటలే అసలు తలనొప్పి. డాస్ ఆటకు వేరే యంత్రాన్ని నటించి చూపిస్తే సరిపోతుంది. ఇవి ఇప్పటి విండోస్‌లోనే, ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుతోనే నేరుగా మాట్లాడాలని చూస్తాయి.

కొన్నిటికి గుమ్మంలోనే అడ్డు. సీడీలో సెటప్ నొక్కగానే ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో నడవదంటూ విండోస్ తలుపు వేసేస్తుంది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములకు చోటు లేదు, విండోస్ 11 అయితే 64 బిట్‌లోనే వస్తుంది. చిత్రమేమిటంటే, ఆట 32 బిట్‌దే అయినా దాన్ని ఇన్‌స్టాల్ చేసే సెటప్ ఒక్కటే 16 బిట్‌ది అయివుండటం ఆ రోజుల్లో మామూలే. బాగా వాడుకలో ఉన్న పాత ఇన్‌స్టాల్‌షీల్డ్ లాంటి సెటప్‌లను విండోస్ గుర్తుపట్టి, తనే 32 బిట్ ఇంజిన్‌తో నడిపిస్తుంది. మిగిలినవాటికి సెటప్‌ను వదిలేసి, సీడీలోని ఆట ఫోల్డర్‌ను నేరుగా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి చూడాలి. ఆట కూడా 16 బిట్‌దే అయితే వైన్‌వీడీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ జోలికి పోకపోవడం మంచిది. విస్టా నుంచి విండోస్ ఆ ఫోల్డర్‌లో ఎవరిని పడితే వాళ్లను రాయనివ్వదు. పాత ఆటలేమో సేవ్ ఫైళ్లు, సెట్టింగులు తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. దాంతో సేవ్ చేసిన ఆట కనిపించకుండా పోతుంది, లేదా వర్చువల్‌స్టోర్ అనే మరుగు ఫోల్డర్‌లో తేలుతుంది. సీ డ్రైవ్‌లో గేమ్స్ అని వేరే ఫోల్డర్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఆ తర్వాత కంపాటిబిలిటీ ట్యాబ్. ఆట ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే కనిపిస్తుంది. దీని వెనక ఉన్న ఆలోచన విండోస్ 95 నాటిది. అప్పట్లో సిమ్‌సిటీ ఒక తప్పు చేసేది. వాడి వదిలేసిన మెమరీని వెంటనే మళ్లీ చదివేది. డాస్‌లో, పాత విండోస్‌లో అది ఎవరికీ పట్టలేదు. విండోస్ 95 పరీక్షల్లో ఆట కూలిపోయేసరికి, మైక్రోసాఫ్ట్ వాళ్లు సిమ్‌సిటీ నడుస్తోందని గుర్తిస్తే మెమరీని వేరే పద్ధతిలో ఇచ్చేలా విండోస్‌లోనే కోడ్ రాశారట. ఈ ముచ్చటను సాఫ్ట్‌వేర్ గురించి రాసే జోయెల్ స్పోల్స్కీ తన వ్యాసాల్లో ప్రచారంలోకి తెచ్చాడు. ఎక్స్‌పీతో ఆ సదుపాయం వాడేవారి చేతికే వచ్చింది. విండోస్ 98 మోడ్ పెడితే, ఎన్‌టీ రకం విండోస్‌లో (ఎక్స్‌పీ, ఆ తర్వాతివన్నీ ఈ రకమే) నడవనని భీష్మించే ఆటలకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ల్యాప్‌టాప్ తెర 125 శాతమో 150 శాతమో పెద్దది చేసుకున్నవాళ్లకు ఆట బొమ్మలో ఒక మూలే కనిపించడం, మౌస్ ఒకచోట ఉంటే క్లిక్ ఇంకోచోట పడటం జరుగుతుంది. అదే ట్యాబ్‌లో హై డీపీఐ సెట్టింగ్ మార్చి, ఆ పనిని అప్లికేషన్‌కు వదిలేస్తే అది పోతుంది. ఇంతకు మించి ఈ ట్యాబ్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. అన్ని టిక్కులూ పెట్టేసేవాళ్లు లేని జబ్బులు తెచ్చుకుంటారు.

రంగుల గొడవ మరీ తమాషా. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ను విస్టాలో, విండోస్ 7లో ఆడినవాళ్లకు గడ్డి ఎర్రగా, నీళ్లు ఊదాగా కనిపించేవి. ఆ ఆట 256 రంగుల పట్టికతో గీస్తుంది. ఏ అంకెకు ఏ రంగో ఆ పట్టికలో ఉంటుంది. వెనక నడిచే విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఆ పట్టికలో చేయి పెట్టి కొన్ని రంగులు మార్చేసేది. అందుకే టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ఎక్స్‌ప్లోరర్‌ను చంపేసి ఆడేవారు. ఇంకొందరు స్క్రీన్ రిజల్యూషన్ విండో తెరిచి ఉంచి ఆట మొదలుపెట్టేవారు. అలా చేసినా రంగులు కుదిరేవి! చూసేవాళ్లకు అది చేతబడికి విరుగుడులా కనిపించి ఉండాలి.

ఇప్పుడు ఇలాంటివాటికి మంచి మధ్యవర్తులు ఉన్నారు. పాత ఆట డైరెక్ట్‌డ్రా భాషలో అడిగినదాన్ని నేటి గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా మార్చి చెప్పే చిన్న ఫైళ్లివి. 2డీ ఆటలకు సీఎన్‌సీ డీడ్రా, 3డీ ఆటలకు డీజీవూడూ 2 బాగా పనిచేస్తాయి. వాడటం కష్టమేమీ కాదు. డీజీవూడూను విప్పి, మైక్రోసాఫ్ట్ పేరుకు గుర్తుగా ఎంఎస్ అని ఉన్న ఫోల్డర్‌లోంచి 32 బిట్ డీఎల్ఎల్ ఫైళ్లను ఆట ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌లో వేయాలి. ఆట మొదట తన ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది కాబట్టి వాటిని పట్టుకుంటుంది. వద్దనుకుంటే తీసేస్తే సరి, విండోస్‌కు ఏమీ కాదు. బొమ్మ సరిగా రాని పాత విండోస్ ఆటకు ముందు ప్రయత్నించదగ్గ మందు ఇది.

డీజీవూడూ పేరులోని వూడూ 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీ అమ్మిన గ్రాఫిక్స్ కార్డు పేరు. నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్ఈ, 1997 నాటిది, ఆ కార్డు ఉంటేనే గ్లైడ్ అనే పద్ధతిలో అందంగా కనిపించేది. మన ఇళ్లలో ఆ కార్డు ఉన్నవాళ్లు అరుదు. కార్డు లేనివాళ్లు గరుకు గరుకు రోడ్ల మీదే నడిపి సంతోషపడ్డారు. 3డీఎఫ్‌ఎక్స్ దివాలా దిశగా వెళ్లి, దాని ఆస్తులను ఎన్‌విడియా కొనేసింది. ఇప్పుడు డీజీవూడూయో ఎన్‌గ్లైడో వేసుకుని ఆ ఆట తెరిస్తే, అప్పుడు చూడని ఆటే కనిపిస్తుంది.

తెర వెడల్పు గురించి రెండు మాటలు. పాత ఆటలు 4:3 తెరలవి, నేటి తెరలు 16:9. సాగదీస్తే కారు చక్రాలు కోడిగుడ్లవుతాయి. నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్, శాన్ ఆండ్రియాస్ లాంటివాటికి అభిమానులు చేసిన వైడ్‌స్క్రీన్ ఫిక్స్‌లు ఉన్నాయి. అవి లేని ఆటకు రెండు పక్కలా నల్లపట్టీలు వదిలేయడమే మర్యాద. ఫ్రేముల సంఖ్య పెంచాలన్న ఆశ కూడా అదుపులో ఉండాలి. శాన్ ఆండ్రియాస్‌లో ఫ్రేమ్ లిమిటర్ సెకనుకు 25 దగ్గర కట్టేస్తుంది. దాన్ని ఆపేస్తే తెర నున్నగా కదులుతుంది గానీ, నీళ్లలో సీజే ఈత నత్తనడక అవుతుంది.

డీ3డీఎక్స్9_43 డీఎల్ఎల్ లేదని విండోస్ అడిగిందంటే, చాలామంది ఆ పేరు గూగుల్‌లో కొట్టి, మొదట కనిపించిన సైట్ నుంచి ఆ ఒక్క ఫైల్ దించుకుంటారు. ఇది వైరస్‌కు ఎదురెళ్లి బొట్టు పెట్టి పిలవడమే. డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా పాత 9 తాలూకు ఈ ఫైళ్లు దానితో రావు. 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ ప్యాకేజీని మైక్రోసాఫ్ట్ దగ్గరే తీసుకుని వేస్తే, అడిగినవీ అడగనివీ అన్నీ వచ్చేస్తాయి. ఆట డైరెక్ట్‌ప్లే కావాలని అడిగితే, అది విండోస్‌లోనే ఉంది. విండోస్ ఫీచర్స్ జాబితాలో లెగసీ కాంపోనెంట్స్ కింద టిక్ పెట్టాలి.

ఇక సీడీ. 2000ల తొలినాళ్లలో కొన్న అసలు సీడీల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ తాళం ఉండేది. ఆ తాళం తెరవడానికి విండోస్ లోపల ఒక డ్రైవర్ ఉండాలి. దానిలో భద్రతా లోపాలు ఉన్నాయని విండోస్ 10లో ఆ డ్రైవర్‌ను పెట్టలేదు. 2015 సెప్టెంబర్ అప్‌డేట్‌తో విస్టా, 7, 8లలోనూ ఆపేశారు. డబ్బు పెట్టి అసలు సీడీ కొన్నవాడి ఆట ఆగిపోయింది, దొంగ సీడీలో తాళం ముందే పగలగొట్టి ఉంది కాబట్టి అది నడిచింది. నిజాయితీకి ఇంతకన్నా పెద్ద వెక్కిరింపు ఉండదు. ఇలాంటప్పుడు ఆట తయారీదారు తర్వాత విడుదల చేసిన అధికారిక ప్యాచ్‌లో సీడీ తనిఖీ తీసేశారేమో చూడాలి. లేదంటే డిజిటల్ కాపీ కొనడమే దారి. తాళం లేని సీడీలైతే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌తో పూర్తి ఇమేజ్ తీసి పెట్టుకోవాలి. ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తే కొన్ని ఆటల్లో సంగీతం పోతుంది. 1996 నాటి క్వేక్‌కు ట్రెంట్ రెజ్నర్ చేసిన సంగీతం సీడీలో మామూలు పాటల ట్రాకులుగా ఉండేది. ఆ సీడీని పాటల ప్లేయర్‌లో వేసినా వినిపించేది.

ఇంత తిప్పలెందుకు, కొత్త ఎడిషన్ కొనుక్కోవచ్చు కదా అనేవాళ్ల మాటా సగం నిజమే. 2019లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ కొన్నవాళ్లు పాత సీడీ వైపు చూడరు. అదే 2021 నవంబర్‌లో జీటీఏ మూడు ఆటల డెఫినిటివ్ ఎడిషన్ ఎన్ని తప్పులతో వచ్చిందంటే, వాటి సంస్థ రాక్‌స్టార్ బహిరంగంగా క్షమాపణ చెప్పి పీసీలో పాత ఆటలను తిరిగి అమ్మకానికి పెడతామనాల్సి వచ్చింది. పైగా అన్ని ఆటలకూ కొత్త ఎడిషన్ ఏది? అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 అధ్యయనంలో తేల్చింది. దొరికేవాటికి పోలండ్‌కు చెందిన జీఓజీ మంచి చోటు. 2008లో పాత ఆటల దుకాణంగానే మొదలైంది. తాళాలు లేకుండా, డాస్‌బాక్స్ లాంటివి ముందే అమర్చి ఇస్తుంది. తగ్గింపు రోజుల్లో కొంటే ఇక్కడ చెప్పిన పనిలో సగం తప్పుతుంది.

విండోస్‌తో ఎంతకీ కుదరకపోతే లైనక్స్‌ను తీసిపారేయకూడదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, 16 బిట్ విండోస్ ఆటలను 64 బిట్ విండోస్ నడపలేకపోయినా లైనక్స్‌లోని వైన్ నడిపిస్తుంది. స్టీమ్‌లో కొన్న విండోస్ ఆటలను లైనక్స్‌లో నడపడానికి, స్టీమ్ యజమాని వాల్వ్ 2018లో తెచ్చిన ప్రోటాన్ ఉంది.

ఇంత శ్రమపడి ఆట తెర మీదికి వచ్చాక చాలామంది వెంటనే ఆడటంలో పడిపోతారు. ముందు ఆ ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేసి, వేసిన ప్యాచ్‌ల పేర్లు, మార్చిన సెట్టింగులు, తేదీతో సహా ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి అందులోనే పెట్టి, పెన్ డ్రైవ్‌లో దాచండి. ఆ తర్వాత ఆడండి. విండోస్ తర్వాతి పెద్ద అప్‌డేట్ ఎలాగూ వస్తుంది.